ఇంజను మసి

మన సంఘపు సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు అడిగినపుడు నేను కొంత సంకోచించితిని. శతక వాఙ్మయమును గూర్చియు, పండుగలను గూర్చియు, మన పూర్వులు ఏయే కాలములలో ఈ కొంగునాటికి వలస వచ్చిరో దానిని గూర్చియు వ్రాయదగిన పెద్దలు మనలో పలువురు కలరు. నేనో, పదునొకండవ తరగతితో చదువు ముగించి, ఒక మిల్లు ఆఫీసులో ముప్పదియారేండ్లు జమాఖర్చులు వ్రాసి విరమించిన గుమాస్తాను. నాకు బాగుగ తెలిసిన విషయము వేరొకటి కలదు. అది మోటారు ఇంజనులో పట్టెడి మసి, దానిని ఇంటి ముంగిట తీయు విధము. మా నాయన నాకు నేర్పిన విద్య అది. ఇది సాంస్కృతిక వ్యాసమెట్లగునని కొందరు నవ్వవచ్చును. కాని కోయంబత్తూరు తెలుగువారి సంస్కృతిలో స్పానరునకు చోటు లేదనుట ఈ ఊరి చరిత్రను మరచుటయే యగును.

ఈ ఊరికి దాపుననున్న కలంగల్ గ్రామమున, తెలుగు మాటాడు కుటుంబమున, 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారి పేరు వినని ఇల్లు మనలో నుండదు. 1920లో వారు ఒక్క బస్సును కొని పొల్లాచి, పళనిల నడుమ తామే నడిపిరి. ఆ ఒక్క బస్సు నుండియే పెద్ద రవాణా సంస్థ పెరిగెను. వారు 1974లో గతించిరి. అవినాశి రోడ్డుననున్న జీడీ కార్ల ప్రదర్శనశాల 2015లో తెరవబడినది. పాత బండ్లను చూడగోరు పిల్లలను అచ్చటికి తీసికొనిపోవచ్చును. అంతటివారిని గూర్చి అందరును వ్రాయుదురు. అయితే ఒక్క బండిని మాత్రమే నమ్ముకొని బ్రదికిన చిన్న కుటుంబములు కూడ ఈ ఊరిలో అనేకము లుండెను. మాది అట్టి కుటుంబము.

మా నాయనకు ఒక అంబాసిడరు టాక్సీ యుండెను. రైల్వే జంక్షను ఎదుట స్టాండులో దానిని నిలుపుచుండెడివాడు. హిందూస్థాన్ మోటార్సు వారు 2014 వరకు తయారుచేసిన ఆ కారును ఎరుగనివారు లేరు. మా బండిలోనిది 1489 సి.సి. పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు, ఇనుప హెడ్డు, అల్యూమినియము పిస్టనులు. ఆ ఇంజనులో దాపరికము లేదు. బానెట్టు ఎత్తినచో ప్రతి భాగము కంటికి కనబడును, చేతికి అందును. అందువలననే ఓపిక, శుభ్రత కల మనిషి దానిని తన ఇంటిలో విప్పి మరల బిగింపగలిగెడివాడు.

మసి యేల పట్టును? పెట్రోలు తగినంత గాలితో కలిసి పూర్తిగ మండినచో నీటియావిరియు, బొగ్గుపులుసు గాలియు మాత్రమే మిగులును. కాని ఇంజనులో అట్టి సంపూర్ణ దహనము ఎల్లప్పుడు జరుగదు. చల్లని ఇంజనును చోకు లాగి నడుపునపుడు పెట్రోలు పాలు హెచ్చగును, గాలి చాలదు. పిస్టను రింగుల ప్రక్కగను, వాల్వు గైడుల గుండను కొంచెము నూనె లోనికి దిగి సగము కాలును. ఈ సగము కాలిన పదార్థమే పిస్టను తలపైనను, హెడ్డులోని గుంటలలోను, ఎగ్జాస్టు వాల్వుల క్రిందను పొరలు పొరలుగ పేరుకొని, కొంతకాలమునకు లక్కవలె గట్టిపడును. తమిళ మెకానిక్కులు దీనిని కరి యందురు. మా ఇంటిలో మసి యనుట వాడుక.

ఈ మసి చేయు కీడు మూడు విధములు. మొదటిది, మంట మండవలసిన గదిలో అది చోటు నాక్రమించును. గది చిన్నదగుటచే లోని వాయువు మితిమించి నొక్కబడును. రెండవది, అది కంబళివలె ఉష్ణమును పట్టి యుంచి, ఇనుము ద్వారా నీటిలోనికి పోనీయదు. మూడవది, దాని కొనలు నిప్పుకణములవలె ఎర్రబడి, ప్లగ్గు నిప్పు రాలకముందే పెట్రోలును అంటించును. అప్పుడు ఎత్తు నెక్కునపుడు ఇంజను టకటకమని కొట్టుకొనును. తాళము తీసిన తరువాత కూడ కొంతసేపు ఊగుచు తిరుగుచుండును. బలము తగ్గును, పెట్రోలు ఖర్చు పెరుగును. ఆ దినములలో మా బండికి సుమారు 20,000 కిలోమీటర్ల కొకసారి హెడ్డు విప్పి మసి తీయవలసి యుండెను.

ఇందులో ఒక వింత కలదు. ఎక్కువ శ్రమపడిన బండికే మసి యెక్కువగ పట్టునని పలువురు తలంతురు. నిజమునకు, తగినంత వేడెక్కని బండికే అది త్వరగ పట్టును. స్టాండు నుండి గాంధీపురమునకు ఒక సవారి, మరల గంటసేపు నిరీక్షణ, మరల ఆర్.యస్. పురమునకు ఒక సవారి - ఇట్లు రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగెడి ఇంజను సరియైన వేడికి వచ్చులోపలనే చల్లారును. 1973 చివర చమురు సంక్షోభము వచ్చి పెట్రోలు ధర పెరిగిన పిమ్మట దూరపు సవారీలు తగ్గి, ఇట్టి చిన్న సవారీలే మిగిలెను. "దూరం పోయే బండికి మసి అంతగా పట్టదురా అబ్బాయీ, సందుల్లో తిరిగేదానికే పడుతుంది" అని మా నాయన చెప్పుచుండెడివాడు.

1976వ సంవత్సరము వేసవిలో నా పరీక్షలు ముగిసినవి. అది ఊటీకి జనులు పోవు కాలము. ఏడాది సంపాదనలో పెద్దపాలు ఆ రెండు నెలలలోనే రావలెను. మేట్టుపాళయము దాటి కల్లారు వద్ద కొండ యెక్కనారంభించినది మొదలు బర్లియారు వరకు మా బండి టకటకమని కొట్టుకొనుచు, నీరు మరిగించుచు, రెండుసార్లు దారిలో నిలిచెను. ఒక పెద్ద వర్కుషాపులో చూపగా, సిలిండర్లు అరిగిపోయినవనియు, బోరింగు చేసి కొత్త పిస్టనులు వేయవలెననియు, మూడు వారములు పట్టుననియు చెప్పిరి. వారు చెప్పిన మొత్తము, శ్రావణమాసమున జరుగనున్న మా అక్క పెండ్లికై పోస్టాఫీసులో దాచిన సొమ్ముకు ఇంచుమించు సమానముగ నుండెను.

మా నాయన ఆ రాత్రి భోజనము చేసి చాలసేపు ముంగిట బండి ప్రక్కన కూర్చుండెను. మరునా డుదయము నన్ను పిలిచి, ఇంజను నడుపుచు వెనుక పొగగొట్టమును చూడుమనెను. నీలిపొగ లేదు. సిలిండరు అరిగినచో నూనె పైకి వచ్చి నీలిపొగగ మండును; నూనె ఖర్చు పెరుగును. మా బండికి నూనె మునుపటి వలెనే సరిపోవుచుండెను. పిమ్మట ముందున్న హ్యాండిలుతో ఇంజనును చేత త్రిప్పి చూచెను. నాలుగు సిలిండర్లును ఒక్కొక్కటి వరుసగ చేతికి ఎదురు నిలిచెను. "ఇది అరుగుడు కాదు, మసి" అని తేల్చెను. శనివారము సాయంకాలము బండి నిలిపి, రాత్రియంతయు చల్లారనిచ్చి, ఆదివారము తెల్లవారక ముందే పని మొదలిడితిమి. వేడిగనున్న హెడ్డును విప్పినచో అది వంగునని ఈ జాగ్రత్త.

ముందుగ బ్యాటరీ తీగ విప్పి, రేడియేటరు నీరు తీసితిమి. గాలిజల్లెడ, కార్బురేటరు, మానిఫోల్డులు, నీటి గొట్టములు, ప్లగ్గు తీగలు వేరుచేసితిమి. రాకరు షాఫ్టును నిలుపు నట్లలో కొన్ని హెడ్డును కూడ నిలుపును గనుక, అన్నింటిని ఒక్కసారిగ గాక, వరుసక్రమమున కొంచెము కొంచెముగ వదులు చేయవలెను. పుష్‌రాడ్డులు ఎనిమిది; ఏది ఎచ్చటిదో అచ్చటికే మరల పోవలెను, ఏలయన ఒకదానితో నొకటి అరిగి కుదిరిన జతలవి. చెప్పుల డబ్బా మూతకు ఎనిమిది రంధ్రములు చేసి, ప్రతిదాని ప్రక్కన నేను తెలుగులో ఒకటి, రెండు, మూడు అని వ్రాసితిని. బడిలో నేను చదివినది తమిళము. తెలుగు అక్షరములు మా అమ్మ ఇంటిలో దిద్దించినవి. ఉత్తరములు తప్ప వేరొక పనికి ఆ అక్షరములు పనికివచ్చుట నేను చూచినది అదియే మొదటిసారి.

హెడ్డు లేపి చూడగా, నాలుగు గుంటలలోను అట్టముక్కయంత మందమున నల్లని పెచ్చు కట్టి యుండెను. సిలిండరు పైయంచున గోరు పెట్టి చూచినపుడు మెట్టు చాల స్వల్పముగ తగిలెను. రింగులు తిరుగు చోట అరుగుదల యెక్కువైనచో ఆ మెట్టు గోటికి బాగుగ తగులును. మా నాయన నవ్వి, ఆ గోటిని నాకు చూపెను.

మసి తీయు విధమున ముఖ్యమైనది పనిముట్టు. హెడ్డు ఇనుపది గనుక దానిని తీగబ్రష్షుతో తోమవచ్చును. పిస్టను అల్యూమినియము, మెత్తని లోహము. దానిపై ఉలి గాని, స్క్రూడ్రైవరు గాని పెట్టరాదు. గీత పడినచో ఆ గీతలోనే మరల మసి త్వరగ నిలుచును. మేము చెక్కిన వెదురుబద్దలను వాడితిమి. రెండు పిస్టనులను పైకి తెచ్చి, మిగిలిన రెండు సిలిండర్లను, నీటిదారులను, పుష్‌రాడ్డు రంధ్రములను శుభ్రమైన గుడ్డలతో మూసితిమి. పైకి తెచ్చిన పిస్టను చుట్టు సందులో గ్రీజు పూసితిమి. రాలిన పొడి అందులో అంటుకొనును, తరువాత పిస్టనును కొంచెము దించి ఆ గ్రీజును పొడితో సహా తుడిచి తీయవచ్చును. మసిని కిరసనాయిలుతో తడిపి, పొడి ఎగురకుండ మెల్లగ గోకితిమి.

నేను ఉత్సాహముతో అంచువరకు గోకబోగా మా నాయన నా చేయి పట్టి, "ఆ అంచున సన్నంగా గాజులాగా ఉన్నదాన్ని ముట్టుకోకు. అది నూనెను ఆపుతుంది" అనెను. ఇది ఆయన సొంతమాట కాదు. పూర్వపు వర్కుషాపు పుస్తకములలోను ఈ సలహా కనబడును. కొంతకాలము నడిచిన ఇంజనులో పిస్టను తల అంచున ఏర్పడిన సన్నని మసికట్టు, నూనె పైకెక్కకుండ అడ్డుకట్టవలె పనిచేయును. దానిని కూడ తుడిచివేసినచో మరల అది ఏర్పడువరకు బండి నూనె త్రాగును. కావున పిస్టను తల నడుమ శుభ్రము చేసి, అంచున కట్టును ఉండనీయవలెను.

ఆ పిమ్మట వాల్వులను వరుస తప్పకుండ తీసి, మసి తుడిచి, గ్రైండింగు పేస్టు పూసి, రబ్బరు కప్పు గల కర్రను రెండు అరచేతుల నడుమ కవ్వమువలె త్రిప్పుచు, ఒక్కొక్కదానిని తన పీటపై అరగదీసితిమి. మొదట ముతక పేస్టు, తరువాత మెత్తనిది. వాల్వు అంచున బూడిదరంగు గీత తెంపులేక చుట్టును వచ్చిన చాలును. పేస్టు రేణువొక్కటి మిగిలినను ఇంజనును తినివేయును గనుక, కడుగుటకే గంటన్నర పట్టెను. కొత్త గ్యాస్కెట్టు వేసి, నట్లను నడిమినుండి అంచులకు, మూడు విడతలుగ బిగించితిమి. టాపెట్ల సందును పుస్తకములోని కొలతకు సరిచేసితిమి. రాత్రి తొమ్మిదింటికి బండి మ్రోగెను. గోకిన మసియంతయు ఒక కుంకుమ భరిణెడు గూడ లేదు. అమ్మ దానిని చూచి, "ఈ పిడికెడు మసికేనా పెండ్లి సొమ్మంతా అడిగింది?" అనెను.

సోమవారము కొంతదూరము నడిపి, నట్లను మరల బిగించి, మంగళవారము ఊటీ సవారి పట్టితిమి. కల్లారు నుండి బర్లియారు వరకు రెండవ గేరులో బండి టక్కుమనకుండ ఎక్కెను. శ్రావణమున అక్క పెండ్లి అనుకొన్నట్లే జరిగెను. ఆ ఖర్చుల పద్దు వ్రాసినది నేనే. గ్యాస్కెట్టు, పేస్టు, కిరసనాయిలు, నూనె - అన్నియు కలిపి ఆ పుస్తకములో ఒక్క పంక్తి.

నేటి పాఠకులలో పాత బండ్లను ప్రేమతో నుంచుకొన్నవారు కొందరు ఈ పనికి పూనుకొనవచ్చును. వారికి రెండు మాటలు. టకటక నాపుటకై ఆనాడు పెట్రోలులో సీసపు మందు కలుపుచుండిరి. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ కనుగొన్నదది. మన దేశమంతట సీసము లేని పెట్రోలు 2000వ సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చినది. అంతకు పూర్వము నడిచి, తరువాత విప్పని ఇంజనులోని మసిలో సీసము నిలిచియుండును, అది విషము. పాత గ్యాస్కెట్లలో రాతినార యుండును. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. కావున ఎండు మసిని గోకరాదు, ఊదరాదు. తడిపి తీసి, ముక్కునకు తగిన ముసుగు, చేతులకు తొడుగులు ధరింపవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ఇక ఇప్పటి కార్ల మాట. మొన్న మన సంఘ సభ్యులలో ఒక యువకుడు తన కొత్త కారు ఆగియున్నపుడు వణకుచున్నదనియు, హెచ్చరిక దీపము వెలుగుచున్నదనియు చెప్పి, "పెదనాయనా, దీనిని మనమే విప్పి తోముకోవచ్చునా?" అని నన్నడిగెను. అతని ఆఫీసు ఇంటికి మూడు కిలోమీటర్లు. కారు అంతకు మించి పోవుట అరుదు. అతని బండిలో పెట్రోలు తిన్నగ సిలిండరులోనికే చిమ్మబడును. పాత పద్ధతిలో పెట్రోలు ఇన్‌లెట్ వాల్వు మీదుగ పోవుచు దానిని కడుగుచుండెను. ఈ కొత్త పద్ధతిలో ఆ కడుగుట లేదు గనుక, నూనెయావిరి వాల్వు వెనుకభాగమున ఎండి మసిగ మారును. పెట్రోలు ట్యాంకులో పోసెడి మందు ఆ చోటికి చేరనే చేరదు. దానిని తెలిసినవారు అక్రోటుకాయల చిప్పల పొడిని గాలితో చిమ్మి శుభ్రపరతురు. అందుకు యంత్రము, అనుభవము కావలెను. అది ఇంటి పని కాదు.

ఇంటిలో చేయదగినవి వేరే కలవు. గాలిజల్లెడను కాలమునకు మార్చుట, సరియైన రకపు నూనెను గడువు తప్పక మార్చుట, ప్లగ్గులను తీసి వాటి రంగు చూచుట, థ్రాటిలు ముఖమున పట్టిన జిడ్డును తగిన ద్రవముతో మెత్తని గుడ్డపై తీసి తుడుచుట - ఇవి చాలును. నడుచుచున్న ఇంజనులో నీరు పోసినచో ఆవిరి మసిని ఊడదీయునని ఒక పాత చిట్కా కలదు. అందులో కొంత నిజమున్నను, చేయి కొంచెము జారినచో సిలిండరులో నీరు నిండును. నీరు గాలివలె నొక్కబడదు. పిస్టను పైకి రాలేక కనెక్టింగు రాడ్డు వంగును. కుంకుమ భరిణెడు మసికై ఇంజనును పోగొట్టుకొనరాదు.

పై వానికంటె ముందు ఆ యువకునికి నేను చెప్పినది, వారమునకొకసారి బండిని బాగుగ వేడెక్కనిచ్చి, ముప్పది నలుబది కిలోమీటర్లు ఆగక నడుపుమని. వాల్వుపై ఇదివరకే గట్టిపడిన మసి దీనితో పోదు. దానిని చూపించుకొనక తప్పదు. కాని నూనెలో చేరిన నీరు, పెట్రోలు ఆవిరియై పోవును, కొత్త మసి మెల్లగ పట్టును. 2020 ఏప్రిలు నుండి వచ్చుచున్న కొత్త ప్రమాణముల డీజిలు కార్లలో పొగమసిని పట్టు జల్లెడ యుండును. ఆ జల్లెడలోని మసి కాలిపోవుటకు కూడ ఇట్టి దూరప్రయాణమే కావలెను. ఇంజనులు మారినవి గాని, సందులలో తిరుగు బండిని గూర్చి మా నాయన చెప్పిన మాట మారలేదు.

మన ఇండ్లలోని తెలుగును గూర్చియు నాకు కొన్నిసారులు ఇట్లే తోచును. అన్నము తిన్నావా, తలుపు వేయుము, ఎప్పుడు వచ్చెదవు - ఇట్టి చిన్న సవారీలకే దానిని వాడి చల్లార్చుచున్నాము. ఒక ఉత్తరమంత దూరము, ఒక కథయంత దూరము దానిని నడిపించు ఇండ్లు తగ్గుచున్నవి. పిల్లలు మాటాడినపుడు తడబడుటకు కారణము భాష అరిగిపోవుట కాదు. బోరింగు చేయవలెనని ఎవరైన చెప్పినచో, ముందు గోరు పెట్టి చూడవలెను. శుభ్రపరచునపుడు ఉలి వాడరాదు. నలుగురిలో పిల్లవాని ఉచ్చారణను ఎగతాళి చేయుట ఉలి వంటిది, ఆ గీత మాయదు. మన తెలుగు అంచున తరతరములుగ పట్టి నిలిచిన తమిళపు మాటలు కొన్ని యున్నవి. వాటినన్నింటిని గోకివేయవలెనని పట్టుబట్టు పెద్దలకు, మా నాయన నా చేయి పట్టుకొన్న సంగతిని వినయపూర్వకముగ మనవి చేయుచున్నాను.